కల్నల్ గెలిచిన ఎన్నిక

క్రితం సంవత్సరం మా ఊళ్లో నెలనెలా జరిగే సాహిత్య గోష్ఠిలో ఒక యువ కథకుడు నన్ను నిలదీశాడు. "జరిగిన చరిత్రనే మనం సరిగా రాసుకోలేదు. జరగని చరిత్ర రాసిన నవల మనకెందుకు మాస్టారూ?" అన్నాడు. ఆ రోజు నేను ఫిలిప్ రాత్ అనే అమెరికన్ రచయిత 2004లో ప్రచురించిన 'ద ప్లాట్ అగైన్‌స్ట్ అమెరికా' నవల గురించి మాట్లాడాను. తెలుగులో 'అమెరికాపై కుట్ర' అని చెప్పుకోవచ్చు. అడిగిన తీరులో కాస్త పొగరున్నా ప్రశ్న మంచిదే. నేను అప్పటికప్పుడు చెప్పిన జవాబు నాకే నచ్చలేదు. ఇంటికొచ్చి నవల మళ్లీ చదివాను. ఈ వ్యాసం ఆ కుర్రవాడికి నేను బాకీపడ్డ జవాబు అనుకోండి. అయితే జవాబు వెతుకుతూ పోయినకొద్దీ నవలతో నాకున్న తగాదా కూడా పెరిగిందని ముందే చెప్పేస్తున్నాను.

'ఇలా కాక అలా జరిగి ఉంటే' అనే నవలలు ఇంగ్లీషులో కొల్లలుగా ఉన్నాయి. హిట్లర్ యుద్ధం గెలిచి ఉంటే, అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాలు గెలిచి ఉంటే - ఇట్లా. వీటిలో చాలా భాగం కాలక్షేపం సరుకే. చదరంగం ఆట ముగిశాక పక్కన కూచున్నవాళ్లు 'ఆ గుర్రాన్ని అక్కడ వేసి ఉంటేనా' అని ముచ్చట్లాడుకున్నట్టుంటాయి. అందులో ఎత్తులు వేసేది రాజులూ సేనాపతులూ, బంట్లకి నోరుండదు. చరిత్రను నడిపేది జనమూ, వాళ్ల బతుకుతెరువూ, వర్గాల మధ్య పెనుగులాటా అని నమ్మేవాళ్లకి ఇలాంటి పుస్తకాల మీద చిన్నచూపు ఉండడంలో వింత లేదు. రాత్ నవల ఆ కోవలోది కాదు. ఆయన ఒక సైనికాధికారిని దేశాధ్యక్షుణ్ణి చేశాడు. చేసి, అతని వెంట వైట్‌హౌస్‌లోకి పోలేదు. న్యూఆర్క్ నగరంలో ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు అద్దె ఇంట్లో, ఏడేళ్ల పిల్లవాడి పక్కన కూచున్నాడు.

ఆ సైనికాధికారి కల్పిత వ్యక్తి కాదు. చార్లెస్ లిండ్‌బర్గ్. సైన్యపు వైమానిక శిక్షణలో 1925లో తన జట్టుకి మొదటివాడుగా నెగ్గి, టపా విమానాలు నడుపుతూ, 1927 మే 20న న్యూయార్క్‌లో ఒంటరిగా విమానం ఎక్కి, ముప్ఫై మూడున్నర గంటల తర్వాత పారిస్‌లో దిగాడు. అప్పటికతని వయసు 25. ఆ విమానం పేరు 'స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయీ'. సైన్యం అతన్ని రిజర్వు దళంలో కల్నల్‌ని చేసింది. 1932లో అతని పసిబిడ్డను ఎత్తుకుపోయి చంపేశారు. దేశం దేశమంతా ఆ తండ్రితోపాటు ఏడ్చింది. తర్వాత కొన్నేళ్లు యూరప్‌లో ఉంటూ జర్మనీకి పలుమార్లు వెళ్లాడు. అక్కడి విమానదళాన్ని చూసి ముగ్ధుడయ్యాడు. 1938 అక్టోబరులో బెర్లిన్‌లో గోరింగ్ చేతుల మీదుగా నాజీ ప్రభుత్వపు పతకం పుచ్చుకున్నాడు. వెనక్కిచ్చెయ్యమని ఎందరడిగినా ఇవ్వలేదు. 1939 నుంచీ యుద్ధంలో అమెరికా దిగకూడదని రేడియోలో, సభల్లో ప్రచారం చేశాడు. 1941 ఏప్రిల్‌లో రూజ్వెల్ట్ అతన్ని అంతర్యుద్ధ కాలంలో దక్షిణాదితో రాజీపడమన్న ఉత్తరాదివాళ్లతో పోలిస్తే, కల్నల్ హోదాకు రాజీనామా ఇచ్చాడు. అదే సంవత్సరం సెప్టెంబరు 11న డెమాయిన్ నగరంలో మాట్లాడుతూ, దేశాన్ని యుద్ధంలోకి నెడుతున్నది బ్రిటిష్‌వాళ్లూ, యూదులూ, రూజ్వెల్ట్ ప్రభుత్వమూ అన్నాడు. మూడు నెలలు తిరక్కుండా పెర్ల్‌హార్బర్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. అతను ప్రధాన వక్తగా ఉన్న 'అమెరికా ఫస్ట్' సంఘం మూతపడింది. అతని రాజకీయం అక్కడితో ఆగింది. నిజానికి అతనెన్నడూ ఏ పదవికీ పోటీ చెయ్యలేదు.

1940లో రిపబ్లికన్లలో కొందరికి అతన్ని అధ్యక్ష పదవికి నిలబెట్టాలన్న ఆలోచన ఉండేదని చరిత్రకారుడు ఆర్థర్ ష్లెసింగర్ ఆత్మకథలో ఒక వాక్యం ఉందట. అది చదివి, నిలబెట్టి ఉంటే ఏమయ్యేదని పుస్తకం అంచున రాసుకున్నానని రాత్ చెప్పాడు. నవలకు బీజం అదే. నిజ చరిత్రలో ఆ ఏడు జూన్‌లో ఫిలడెల్ఫియా మహాసభ వెండెల్ విల్కీని ఎన్నుకుంది. నవంబరులో రూజ్వెల్ట్ 449 ఎలక్టొరల్ ఓట్లతో అతన్ని ఓడించాడు. నవలలో మహాసభ ఎన్నిసార్లు ఓటు వేసినా అభ్యర్థి తేలడు. తెల్లవారుజామున ఫ్లయింగ్ దుస్తుల్లో లిండ్‌బర్గ్ హాల్లోకి నడిచొస్తాడు. సభ వెర్రెత్తిపోతుంది. ఇక ప్రచారం: తన విమానం తానే నడుపుకుంటూ రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో దిగుతాడు, నాలుగు ముక్కలు మాట్లాడతాడు, ఎగిరిపోతాడు. ఆ నాలుగు ముక్కల సారాంశం ఒక్కటే - నాకు ఓటెయ్యకపోతే యుద్ధానికి ఓటేసినట్టే.

ఈ భాగం పుటల లెక్కన చిన్నది. కాని రాత్ రాజకీయ జ్ఞానమంతా ఇక్కడ కనపడుతుంది. మామూలుగా మనం ఫాసిస్టు నాయకుణ్ణి ఊహించుకుంటే పిడికిలి బిగించి అరిచేవాడు గుర్తొస్తాడు. సింక్లెయిర్ లూయిస్ 1935లో రాసిన 'ఇట్ కాంట్ హాపెన్ హియర్' నవలలో నియంత అట్లాంటివాడే, నోటి దురుసు రాజకీయుడు. లిండ్‌బర్గ్ అరవడు. సిగ్గరి. పొడుగ్గా, సన్నగా, పక్కింటి అబ్బాయిలా ఉంటాడు. రాజకీయ నాయకుడు కాకపోవడమే అతని రాజకీయం. యూనిఫాం వేసుకున్నవాడు పార్టీలకు అతీతుడు, అవినీతికి అతీతుడు, మాటలవాడు కాదు చేతలవాడు - మధ్యతరగతికి ఉన్న ఈ మూఢనమ్మకం ఒక్క అమెరికాది కాదు. 'ఈ దేశాన్ని పదేళ్లు మిలిటరీకి అప్పజెప్పాలండీ' అనే పెద్దమనిషి మన ప్రతి రైలు పెట్టెలోనూ ఒకడుంటాడు. కిటికీ పక్క సీటు ఎప్పుడూ ఆయనదే.

ఆ సైనికుడు అడిగింది యుద్ధం కాదు, శాంతి. అసలు చిక్కంతా ఇక్కడుంది. అభ్యుదయవాదులమని చెప్పుకునే మనం ఈ పుటల్ని తొందరగా దాటిపోకూడదు. యుద్ధం వద్దన్న ఆ కేకకు అమెరికాలో పాత వేళ్లున్నాయి, వాటిలో కొన్ని మనవైపు నేలలోవే. లిండ్‌బర్గ్ తండ్రి మిన్నెసోటా రైతుల తరఫున కాంగ్రెస్‌లో కూచుని, బడా బ్యాంకులకు ఎదురు తిరిగి, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా దిగడాన్ని వ్యతిరేకించినవాడు. నవలలో ఉపాధ్యక్షుడయ్యే బర్టన్ వీలర్ నిజజీవితంలో 1924 ఎన్నికల్లో ప్రోగ్రెసివ్ పార్టీ తరఫున లఫాలెట్‌తో కలిసి అదే పదవికి పోటీ చేసినవాడు. 1939 ఆగస్టు ఒప్పందం దగ్గర్నుంచి 1941 జూన్‌లో సోవియట్ మీద నాజీ దాడి దాకా, ఆ ఇరవై రెండు నెలలూ అమెరికన్ కమ్యూనిస్టు పార్టీ కూడా యుద్ధం వద్దనే అన్నది. మన దేశంలో కూడా అప్పటిదాకా అది సామ్రాజ్యవాద యుద్ధం, ఆ తర్వాత ప్రజాయుద్ధం. ఆ మలుపు తర్వాతనే, 1943లో, తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. మన పెద్దల ఫాసిస్టు వ్యతిరేకత నిజమైనది, గర్వించదగ్గది. కాని అంతకు ముందరి ఇరవై రెండు నెలల గురించి మన సాహిత్య చరిత్రలు ఎంత పొదుపుగా మాట్లాడతాయో చూడండి.

నవల చదువుతుంటే నన్ను నేను ఒక ప్రశ్న అడుక్కోక తప్పలేదు. 1940లో నేను అమెరికాలో ఒక కార్మికుణ్ణయి ఉంటే, లిండ్‌బర్గ్ బ్రిటిష్ సామ్రాజ్యం కోసం మన పిల్లలు చావాలా అని అడిగి ఉంటే, నేను చప్పట్లు కొట్టి ఉండేవాణ్ణి కానా? బ్రిటిష్ సామ్రాజ్యం గురించి మనకి ఒకరు చెప్పాలా! నవలలో హిట్లర్‌కి ఎదురొడ్డిన ఇంగ్లండు దూరంగా వెలిగే దీపంలా ఉంటుంది. అదే 1942 ఆగస్టులో ఆ దీపమే మన దేశపు నాయకులందర్నీ జైల్లో పెట్టింది. మరుసటేడు బెంగాల్లో లక్షలాదిమంది ఆకలితో చచ్చిపోయారు. కాబట్టి తెలుగు పాఠకుడు ఈ నవలని అమెరికన్ పాఠకుడు చదివినట్టు చదవలేడు. చదవకూడదు కూడా. శాంతి అనే మాట ఎవరి నోట్లో ఉంది, ఆ శాంతికి ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోంది అనే రెండు ప్రశ్నలూ చేతిలో పట్టుకుని చదవాలి. లిండ్‌బర్గ్ శాంతికి ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో నవలలోని ఇల్లు చెబుతుంది.

నా మటుకు నాకు నవల అంటే ఆ ఇల్లే. రాత్ తన సొంత కుటుంబాన్నే, సొంత పేర్లతో పాత్రలు చేశాడు. తండ్రి హర్మన్ మెట్రోపాలిటన్ లైఫ్ కంపెనీ ఏజెంటు. తల్లి బెస్ ఇంటి ఖర్చు పైసాపైసా లెక్కచూసే మనిషి. అన్న శాండీ బొమ్మలు బాగా వేస్తాడు. లిండ్‌బర్గ్ బొమ్మలు గీసి మంచం కింద దాచుకుంటాడు. తల్లిదండ్రులు లేని పినతండ్రి కొడుకు ఆల్విన్ వీళ్లింట్లోనే ఉంటూ, హిట్లర్‌తో పోరాడాలని కెనడా పారిపోయి సైన్యంలో చేరి, కాలు పోగొట్టుకుని తిరిగొస్తాడు. పినతల్లి ఎవలిన్ ప్రభుత్వంతో చేతులు కలిపిన ఒక యూదు మతగురువును పెళ్లాడి, వైట్‌హౌస్ విందులో నాజీ విదేశాంగ మంత్రి రిబ్బెన్‌ట్రాప్‌తో నాట్యమాడి వస్తుంది. ఒకే డైనింగు టేబులు చుట్టూ ఇన్ని రాజకీయాలు. వీటిలో ఏదీ ఉపన్యాసంగా రాదు. కొట్లాటగా వస్తుంది, తిండి మానెయ్యడంగా వస్తుంది, ఒక చోట హర్మన్‌కీ ఆల్విన్‌కీ మధ్య సామాను పగిలి నెత్తురు కారే దెబ్బలాటగా వస్తుంది. రాజకీయ నవల రాయాలనుకునే మన యువ రచయితలు ఆ దెబ్బలాట ఘట్టాన్ని శ్రద్ధగా చదవాలని నా కోరిక.

అధికారం ఆ ఇంట్లోకి బూట్లేసుకుని రాదు. కవరులో ఉత్తరంగా వస్తుంది. లిండ్‌బర్గ్ ప్రభుత్వం యూదుల్ని 'కలుపుకోవడానికి' ఒక శాఖ పెడుతుంది. నగరాల్లోని యూదు పిల్లల్ని వేసవిలో పల్లె కుటుంబాల దగ్గరికి పంపే పథకం ఒకటి. శాండీ కెంటకీలో పొగాకు రైతు ఇంటికి వెళ్లి, బలిసి, మాట మారి, అమ్మానాన్నల్ని చిన్నచూపు చూసేవాడై తిరిగొస్తాడు. తర్వాత 'హోమ్‌స్టెడ్ 42' పథకం. కంపెనీలు తమ యూదు ఉద్యోగుల్ని దూరప్రాంతాలకు బదిలీ చేస్తాయి. అవకాశం అంటారు, అభినందనలు అంటారు. కాదంటే ఉద్యోగం ఉండదు. ఆ పేరు కూడా ఊరికే పెట్టలేదు: 1862లో లింకన్ ప్రభుత్వం తెల్ల రైతులకు భూములు పంచిన చట్టం పేరది. ఆ భూములు అంతకుముందు ఎవరివో అమెరికన్ ఇండియన్లను అడగాలి.

దౌర్జన్యం మెత్తటి మాటల్లో రావడమంటే ఏమిటో మనకూ కొంత తెలుసు. 1975లో అత్యవసర పరిస్థితిని అనుశాసన పర్వం అన్నారు వినోబా భావే. క్రమశిక్షణ అన్నారు, రైళ్లు వేళకి నడుస్తున్నాయన్నారు. నాకప్పుడు పదేళ్లు. మా నాన్న ఒక ఆఫీసులో గుమాస్తా. సాయంత్రంపూట మా అరుగు మీద కూచుని పేపరు చదివి వినిపించే ఒక మాస్టారు ఉన్నట్టుండి రావడం మానేశారు. ఆయన పేరు ఎక్కడా ఎత్తొద్దని నాన్న నాతో అన్నాడు. ఒకరోజు బజారులో ఆయన ఎదురుపడ్డారు. నన్ను చూసి నవ్వారు. నేను తల తిప్పేసుకుని పక్క సందులోకి పోయాను. కొన్నాళ్లకి ఆయన్ని పట్టుకుపోయారని విన్నాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ నవలలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టిన పాత్ర సెల్డన్.

సెల్డన్ కింది వాటాలో ఉండే పిల్లవాడు. తండ్రి చచ్చిపోయాడు. ఫిలిప్ వెంట వదలకుండా తిరుగుతాడు. ఫిలిప్‌కి వాడంటే చిరాకు. హర్మన్‌కి కెంటకీ బదిలీ వచ్చినప్పుడు ఫిలిప్ రహస్యంగా పినతల్లి ఎవలిన్ ఆఫీసుకు వెళ్లి, మమ్మల్ని కాదు, సెల్డన్ వాళ్లని పంపమని అడుగుతాడు. ఆవిడ ఫిలిప్ కోరింది స్నేహితుడి తోడు కాబోలునని తలచి సెల్డన్ తల్లికి కూడా బదిలీ ఇప్పిస్తుంది. హర్మన్ ఉద్యోగం వదులుకుని, అన్న నడిపే కూరగాయల మార్కెట్లో రాత్రిపూట మూటలు మొయ్యడానికి పోతాడు. ఆ కుటుంబం ఊళ్లోనే ఉండిపోతుంది. సెల్డనూ వాళ్లమ్మా మాత్రం ఎవరూ తెలియని కెంటకీకి పోతారు. 1942 శరత్తులో అల్లర్లు చెలరేగినప్పుడు ఆవిణ్ణి దారిలో చంపేస్తారు. అమ్మ ఇంటికి రాలేదని పిల్లవాడు ఫోను చేస్తే, వందల మైళ్ల అవతల బెస్ వాడితో ఓపిగ్గా మాట్లాడుతుంది: వంటింట్లో తినడానికి ఏముందో చూడమంటుంది, తిన్నాక మళ్లీ మాట్లాడమంటుంది. ఆవిడకి ఏం జరిగి ఉంటుందో తెలుసు. ఆ మాట పైకి రానివ్వకుండా తిండి గురించే మాట్లాడుతుంది. నవలలో ఇంతకు మించిన ఘట్టం లేదు. వాణ్ణి వెళ్లి తన ఇంటికి తెచ్చుకుని కాపాడింది ఎవరో కాదు, శాండీని మార్చేసిన ఆ పొగాకు రైతే. మనుషుల్ని రెండు బుట్టల్లో వేసి చూపించని నిజాయితీ రాత్‌ది.

ఫాసిజం ఒక పిల్లవాణ్ణి శత్రువుగా కాదు, తనకు తెలియకుండానే సహాయకుడుగా మార్చింది. గోష్ఠిలో ఆ కుర్రవాడికి నేను చెప్పాల్సిన జవాబు ఇదే. జరగని చరిత్రలో పెడితే తప్ప రాత్ తన సొంత బాల్యాన్ని, తన సొంత మంచి కుటుంబాన్ని ఈ పరీక్షకు పెట్టలేడు. నిజంగా జరిగిన చరిత్రలో వాళ్లకి ఆ పరీక్ష రాలేదు కనక.

ఇక నా తగాదా. 1942 అక్టోబరులో, అల్లర్లు ముదిరి, అధ్యక్ష అభ్యర్థిగా తిరుగుతున్న పత్రికా రచయిత వాల్టర్ వించెల్ హత్య జరిగాక, లిండ్‌బర్గ్ లూయీవిల్ వెళ్లి ప్రసంగించి, తన విమానంలో ఒంటరిగా బయల్దేరి మాయమైపోతాడు. ఆచూకీ దొరకదు. వీలర్ సైనిక శాసనం పెడతాడు. లిండ్‌బర్గ్ భార్య రేడియోలో మాట్లాడగానే ఆ ప్రభుత్వం కూలుతుంది. నవంబరులో ప్రత్యేక ఎన్నిక, రూజ్వెల్ట్ గెలుపు, డిసెంబరులో జపాన్ దాడి, అమెరికా యుద్ధంలోకి. అంటే ఒక్క సంవత్సరం ఆలస్యంగా చరిత్ర తన పాత పట్టాల మీదికి ఎక్కేసింది. పైగా, లిండ్‌బర్గ్ బిడ్డ చావలేదు, నాజీలు వాణ్ణి జర్మనీలో బందీగా ఉంచుకుని తండ్రి చేత ఇదంతా చేయించారు అనే కథ ఒకటి ఎవలిన్ నోట వినిపిస్తుంది. ఇది నిజమని రాత్ అనడు, పుకారుగానే ఉంచాడు. అయినా దానికి ఇచ్చిన పుటలు తక్కువేం కావు.

రెండేళ్లపాటు కోట్లాదిమంది ఓటుతో, కంపెనీల సహకారంతో, కాంగ్రెస్ ఆమోదంతో నడిచిన వ్యవస్థ ఒక విమానం మాయమైతే మంచు కరిగినట్టు కరిగిపోతుందా? నవలలో ఇంటీరియర్ శాఖ మంత్రి హెన్రీ ఫోర్డ్. నిజజీవితంలో ఇతనూ 1938లో నాజీ పతకం పుచ్చుకున్నవాడే. జర్మనీలో కొలోన్ నగరంలో ఇతని కంపెనీకి ఫ్యాక్టరీ ఉంది. లిండ్‌బర్గ్ పోతే ఫోర్డ్ పోతాడా? అతన్ని నిలబెట్టిన డబ్బు ఎటు పోయింది? బదిలీ ఉత్తరాల మీద సంతకాలు పెట్టిన మేనేజర్లు మర్నాడు ఏం చేశారు? రాత్ అడగలేదు. జాక్ లండన్ 1908లోనే 'ఉక్కుపాదం'లో ఈ ప్రశ్న అడిగాడు. శిల్పంలో ఆ నవల రాత్ నవల కాలిగోటికి చాలదు, ఒప్పుకుంటాను. కాని అధికారం ఎవరి జేబులో ఉంటుందో లండన్‌కి తెలుసు. రాత్‌కి ఫాసిజం ఇంటికొచ్చిన జ్వరం. వచ్చింది, మనుషుల్ని పీల్చి పిప్పి చేసింది, పోయింది. దేహంలో ముందునుంచీ ఉన్న జబ్బు అని ఆయన అనుకోలేదు. 2020లో డేవిడ్ సైమన్, ఎడ్ బర్న్స్ ఈ నవలని టెలివిజన్ ధారావాహికగా తీసినప్పుడు ముగింపు మార్చారు. ఎన్నికరోజున కొన్నిచోట్ల బ్యాలెట్లు ఎత్తుకుపోయి తగలబెడుతుంటారు, ఫలితం తేలకుండానే కథ ఆగుతుంది. నాకు కలిగిన అనుమానమే వాళ్లకీ కలిగి ఉండాలి.

ఇంతకన్నా పెద్ద అభ్యంతరం ఒకటుంది. దీన్ని ఎవరైనా రాశారేమో, నా కంటపడలేదు. ఈ నవలలో రక్షకుడు రూజ్వెల్ట్. ఆయన తిరిగి రావడమే న్యాయం తిరిగి రావడం. సరే, నిజ చరిత్రలో 1942 ఫిబ్రవరి 19న రూజ్వెల్ట్ ఏం చేశాడు? ఒక ఉత్తర్వు మీద సంతకం చేశాడు. దాని కింద పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివాళ్లని దాదాపు 1,20,000 మందిని ఇళ్లూ దుకాణాలూ పొలాలూ వదిలించి ముళ్లకంచెల శిబిరాలకి తోలారు. వాళ్లలో మూడింట రెండొంతులు అమెరికా పౌరులే. బదిలీ కాదు, అభినందనల ఉత్తరం కాదు, తుపాకుల కాపలా. లిండ్‌బర్గ్ యూదులకు చేశాడని రాత్ ఊహించిన దానికన్నా ఎక్కువే, ఊహ అక్కర్లేకుండా, రూజ్వెల్ట్ ఇంకొకరికి చేశాడు. ఇప్పుడు నవల కాలక్రమం చూడండి. పెర్ల్‌హార్బర్‌ని రాత్ ఒక సంవత్సరం వెనక్కి జరిపాడు. జరపడంతో ఆ ఫిబ్రవరి ఉత్తర్వు నవల కాలంలో లేకుండా పోయింది. కావాలని చేశాడనను. కథకి అవసరమై చేశాడు. కాని జరిగిన చరిత్రలోంచి ఏది జారిపోయిందో చూసుకోలేదు. నవల ముగిశాక, రూజ్వెల్ట్ యుద్ధం ప్రకటించాక, 1943లో ఆ ఉత్తర్వు మళ్లీ వస్తుంది కదా? హర్మన్ ఆ వార్త రేడియోలో విని ఏమనేవాడు? నేను చదవాలనుకునే అధ్యాయం అది.

డెట్రాయిట్ సంగతీ అంతే. నవలలో 1942లో అక్కడ యూదుల మీద దాడులు జరుగుతాయి. నిజంగా 1943 జూన్‌లో డెట్రాయిట్ తగలబడింది. 34 మంది చచ్చిపోయారు, వాళ్లలో 25 మంది నల్లవాళ్లు. 1939లో జర్మనీ నుంచి 900 మందికి పైగా యూదు శరణార్థులతో వచ్చిన ఓడని అమెరికా ఒడ్డు తాకనివ్వలేదు. అప్పుడూ అధ్యక్షుడు రూజ్వెల్టే. వెనక్కిపోయినవాళ్లలో 250 మందికి పైగా తర్వాత నాజీల పాలబడి చచ్చిపోయారు. ఆ ఓడ పేరు 'సెయింట్ లూయీ'. లిండ్‌బర్గ్ విమానం పేరులోని ఊరే. రాత్‌లాంటి రచయితకి ఈ పేర్ల పోలిక తట్టలేదంటే నమ్మలేను.

ఏడేళ్ల యూదు పిల్లవాడి కంటితో చెప్పిన కథలో జపానువాళ్లూ నల్లవాళ్లూ ఎట్లా వస్తారని రాత్ తరఫున అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని కథ చెప్పేది పిల్లవాడు ఒక్కడే కాదు. దశాబ్దాల తర్వాత వెనక్కి చూస్తున్న పెద్దవాడు కూడా. ఆ పెద్దవాడు వీలర్ గురించి, వించెల్ గురించి, రిబ్బెన్‌ట్రాప్ గురించి పేజీలకొద్దీ వార్తాకథనం రాయగలిగాడు. ఇల్లు దాటి ఇంకో వీధికి ఎందుకు వెళ్లలేకపోయాడు? వెళ్తే ఒక ఇబ్బందుంది. 'ఇది ఇక్కడ జరిగి ఉంటే' అని మొదలుపెట్టిన నవల, 'ఇది ఇక్కడ కొందరికి జరిగింది' అని ఒప్పుకోవాలి. అప్పుడు పుస్తకం పేరులోని 'అమెరికాపై' అనే మాటే నిలవదు.

నవల చివర రాత్ ఒక అనుబంధం చేర్చాడు. అందులో నిజమైన వ్యక్తుల నిజమైన జీవిత వివరాలు, డెమాయిన్ ఉపన్యాసం పూర్తి పాఠం ఉన్నాయి. చాలామంది పాఠకులు ఆ పుటలు తిప్పేస్తారు. నేను మాత్రం రెండోసారి అక్కడే ఎక్కువసేపు ఆగాను. పెర్ల్‌హార్బర్ తర్వాత లిండ్‌బర్గ్ మళ్లీ సైన్యంలో చేరతానంటే రూజ్వెల్ట్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఫోర్డ్ బాంబర్ ఫ్యాక్టరీకి సలహాదారుగా పనిచేసి, 1944లో కంపెనీల మనిషిగా పసిఫిక్ వెళ్లి, యూనిఫాం హోదా లేకుండానే 50 దాకా యుద్ధ విమానయాత్రలు చేశాడు. 1954లో ఐసెన్‌హోవర్, తనూ మాజీ సైనికాధికారే, లిండ్‌బర్గ్‌కి హోదా తిరిగిచ్చి రిజర్వు వైమానిక దళంలో బ్రిగేడియర్ జనరల్‌ని చేశాడు. అదే సంవత్సరం అతని ఆత్మకథకి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ పుస్తకం పేరు కూడా 'స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయీ'యే.